"కథ అడ్డం తిరిగింది" అంటే మెచ్చుకోలు అవుతుందా?

విజయనగరం నుంచి అడుగుతున్నాను. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి స్కూలు పత్రికకి ఒక ఇంగ్లీషు నవల గురించి రాసింది. టీనేజ్ పిల్లల మిస్టరీ. హాస్టల్లో ఒక పిల్ల మాయమవుతుంది, స్నేహితురాలు ఆధారాలు ఏరుకుంటూ వెతుకుతుంది. సగానికి వచ్చేసరికి మాయమైన పిల్లే కథ చెప్పడం మొదలెడుతుంది. ఇక అది దయ్యం కథో, జ్ఞాపకాల కథో తెలీదు. ఎవరు చేశారన్న ప్రశ్నే పక్కకి పోతుంది. "ఇక్కడ కథ భలే అడ్డం తిరిగింది" అని మా అమ్మాయి మెచ్చుకుంటూ రాసింది. మా మావయ్యగారు చదివి, అడ్డం తిరగడమంటే చెడిపోవడం, "మలుపు తిరిగింది" అని దిద్దమన్నారు. ఏది సరి?

— మలుపే రైటండి. మా శ్రీకాకుళంలో మాటిచ్చి తప్పినోణ్ణి అడ్డం తిరిగిపోయాడంటాం. భూమి బేరం అడ్డం తిరిగితే ఎవరైనా సంబరపడతారేటి?

— మీ మావయ్యగారి మాట తీసెయ్యలేం. ఈ మాటని అందరి నోళ్లలో వేసినవాడు మన ఊరి గిరీశమే కదా. వాడు పాత్రగా ఉన్న గురజాడ నాటకం 'కన్యాశుల్కం' మొదలయ్యేది విజయనగరం బొంకులదిబ్బ మీద. (బొంకులరాయుడికి అంతకన్న తగిన చోటు దొరకదు.) ముగిసేది "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్న అతని మాటతో. వితంతువు బుచ్చమ్మను పెళ్లాడే ఎత్తు పారలేదు, వకీలు సౌజన్యారావు పంతులు దగ్గర బండారం బయటపడింది. అక్కడ "కథ" అంటే వాడి పన్నాగం. అది అడ్డం తిరగడం వాడికి నష్టం, బుచ్చమ్మకి మేలు, చూసేవాళ్లకి హాయి. ఒక్క సంఘటనే. ఎవరి వైపు నుంచి చెబుతున్నామన్నదే తేడా.

ఇంకో సంగతి. ఆ నాటకాన్ని 1892లో ఇక్కడే ఆడారు. ఇప్పుడు మనం చదివేది గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 నాటి కూర్పు. అందులోనూ ఒక మిస్టరీ ఉంది, చూడండి. కొత్త పెళ్లికూతురు కనబడదు. ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లే చంపేశాడని కేసు. శవం లేదు, ఎలా ఉంటుంది? ఆ పెళ్లికూతురు ఆడవేషం కట్టిన మహేశం అనే కుర్రాడు. గుట్టు మనకి ముందే తెలుసు కాబట్టి, హంతకుడెవరని కాకుండా, లేని హత్య పేరు చెప్పి ఎవరెంత గుంజుతారని చూస్తాం. పైగా సీసాలో దయ్యాన్ని పెట్టానని పూజారి గవరయ్య బయల్దేరతాడు. ప్రహసనం, కోర్టు కేసు, దయ్యం, అన్నీ ఒకే పందిట్లో. మీ అమ్మాయి చదివిన నవల ఆ దారిదే అనిపిస్తోంది.

"మలుపు" చప్పని మాట. సీరియల్ ప్రోమోల్లో రోజూ నాలుగుసార్లు కథ కీలక మలుపు తిరుగుతూనే ఉంటుంది. మలుపు తిరిగినా బండి అదే రోడ్డు మీద ఉంటుంది. ఈ నవల రోడ్డే మార్చేసింది.

— మాస్టారూ, అయితే "కథ వేషం మార్చింది" అనొచ్చా? మహేశాన్ని తలచుకుంటే తోచింది.

— బాగుందిగానీ, వేషమంటే లోపల మనిషి మారడు. డిటెక్టివ్ కథ వేషంలో దయ్యం కథ మొదట్నుంచీ కూర్చుని ఉంటే ఆ మాట సరిపోతుంది. రచయిత మధ్యలో మనసు మార్చుకున్నట్టుంటే సరిపోదు. ఏది నిజమో పుస్తకం చదివిన పిల్లనే అడగండి.

— "కొసమెరుపు" ఎవరూ అనలేదేం?

— కొసన ఉంటేగా! ఇది నడిమధ్యలో జరిగింది.

— అడిగానండీ. మొదట్నుంచీ ఆధారాలన్నీ అక్కడే ఉన్నాయట, తనే వేరేలా చదువుకుందట. హాస్టల్ వార్డెనే చేసిందని రెండో అధ్యాయంలోనే తీర్మానించేసిందట. ఇప్పుడా వాక్యాన్ని "నేను అల్లుకున్న కథ అడ్డం తిరిగింది" అని మార్చింది. మా మావయ్యగారు చూసి, "ఇది ఒప్పే" అన్నారు. "భలే" మాత్రం కొట్టేశారు. పిల్ల దాన్ని మళ్లీ రాసింది.