టాప్‌లు ఏడున్నా జతలు ఐదారే. సొంతంగా చేసిన బ్రేస్‌లెట్లు మూడూ చెడిపోయాయి. లోపం ఎక్కడ?

నీలిఅంచు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగంలో చేరి మూడు నెలలయింది. అద్దె కట్టి, ఇంటికి పంపవలసినది పంపాక బట్టల కోసం మిగిలేది కొద్దిగానే కాబట్టి, చదువుకునే రోజుల్లో కొన్న వాటితోనే సర్దుకుంటున్నాను. నా దగ్గర ఏడు టాప్‌లు ఉన్నాయి. వాటిలో తెలుపు, లేత నీలం, మెరూన్, బూడిద రంగువి నాలుగూ సాదావి. మిగిలిన మూడింటిలో ఒకటి తెల్ల బట్ట మీద చిన్న చిన్న ఆకుపచ్చ ఆకులున్నది, ఒకటి నల్ల బట్ట మీద పెద్ద నారింజ పువ్వులున్నది, ఇంకొకటి ముదురు నీలం మీద సన్నని పసుపు గళ్లున్నది. ప్యాంట్లు మాత్రం రెండే: ఒకటి నలుపు, ఒకటి ముదురు నీలం జీన్స్. లెక్క ప్రకారం పద్నాలుగు జతలు రావాలి, కానీ అద్దం ముందు నిలబడితే ఐదారుకు మించి తేలడం లేదు. నెలకొక కొత్త టాప్ కొంటూ పోతే ఈ ఇబ్బంది తీరుతుందా, లేక నేను కొనే పద్ధతిలోనే లోపం ఉందా?

రెండో సంగతి బ్రేస్‌లెట్లది. సాదా బట్టలకు కాస్త కళ వస్తుందని వాటిని సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టాను. నా మణికట్టు చుట్టుకొలత 15 సెంటీమీటర్లు. మొదటిసారి 8 మిల్లీమీటర్ల పూసలు పందొమ్మిది తీసుకుని ఎలాస్టిక్ దారానికి గుచ్చాను. టేపు మీద కొలిస్తే 15.2 సెంటీమీటర్లు వచ్చింది, కానీ చేతికి వేసుకుంటే చర్మం మీద పూసల అచ్చులు పడేంత బిగుతుగా ఉంది. రెండోదాన్ని వదులుగా చేసి, ముడి మీద ఇన్‌స్టంట్ గ్లూ చుక్క వేశాను. అది మూడో రోజే ముడి దగ్గర తెగి పూసలన్నీ మెట్ల మీద దొర్లిపోయాయి. మూడోది ఎర్రని ఎంబ్రాయిడరీ దారంతో జడలా అల్లినది; చేతులు కడుక్కున్నప్పుడు తడిసి, తెల్ల చొక్కా చేతి అంచుకు గులాబీ మరక అంటించింది. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సూదిమొన:

కొత్త టాప్ కొనకండి. మీకు కావలసింది ప్యాంటు.

ఉన్నవి రెండే ప్యాంట్లు కనుక, ఎంత మంచి టాప్ తెచ్చుకున్నా దానివల్ల పెరిగే జతలు మహా అయితే రెండు. అదే మీ ఏడు టాప్‌లలో ఐదింటికి నప్పే ప్యాంటు ఒక్కటి కొంటే ఒకేసారి ఐదు జతలు పెరుగుతాయి. దుకాణంలో కంటిని పట్టేవి టాప్‌లే కాబట్టి, చాలామంది అవే కొంటూ పోయి, బీరువా నిండినా వేసుకోవడానికి ఏమీ లేదని బాధపడుతుంటారు. నేనూ రెండేళ్లు అలాగే చేశాను.

ముందుగా ఒక కాగితం మీద టాప్‌లను నిలువుగా, ప్యాంట్లను అడ్డంగా రాసుకుని గళ్లు గీయండి. ఒక సెలవు రోజు పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ప్రతి జతనూ నిజంగా వేసుకుని చూసి, బయటికి వెళ్లగలననిపించిన గడిలోనే గుర్తు పెట్టండి. మంచం మీద పరిచి చూసుకుంటే చాలదు, ఎందుకంటే టాప్ పొడవు, ప్యాంటు నడుము ఎత్తు ఒకదానికొకటి కుదిరాయో లేదో ఒంటి మీదే తెలుస్తుంది. పగటి వెలుతురు కూడా తప్పనిసరి. ముదురు నీలం, నలుపు రాత్రి దీపాల కింద ఒకటే రంగులా కనిపించి, మర్నాడు ఎండలో వేరువేరుగా బయటపడతాయి.

మీరు చెప్పిన రంగులను బట్టి చూస్తే, ఇసుక రంగు ప్యాంటు మీకు బాగా పనికొస్తుందని నా అభిప్రాయం. తెలుపు, లేత నీలం, మెరూన్, ఆకుల టాప్, పసుపు గళ్ల టాప్ ఈ ఐదూ దానికి నప్పుతాయి. నారింజ పువ్వుల దానికి నలుపే సరైన తోడు, దాన్ని అలాగే ఉంచండి. 1985లో అమెరికన్ డిజైనర్ డోనా కరన్ తన పేరు మీద తెచ్చిన మొదటి దుస్తుల శ్రేణి కూడా ఒకదానితో ఒకటి మార్చి మార్చి వేసుకోగల ఏడు రకాల దుస్తులను ఆధారం చేసుకున్నదే. కాబట్టి మీ ఏడు టాప్‌లు తక్కువేమీ కావు.

ఖర్చు సంగతి. వస్తువు ధరను కాకుండా, ఆ ధరను ఎన్నిసార్లు వేసుకుంటారో దానితో భాగించి వచ్చే మొత్తాన్ని చూడండి. రెట్టింపు ధర పెట్టి కొన్న ప్యాంటును అరవై సార్లు వేసుకుని, సగం ధరకు కొన్న దాన్ని పదిసార్లకే పక్కన పడేస్తే, ఖరీదైన దానికి ఒక్కో వాడకానికి పడిన ఖర్చు చౌకదానిలో మూడో వంతే. అలాగని ధర ఎక్కువైనదల్లా మన్నుతుందని కాదు. కొనేముందు ప్యాంటును తిరగేసి లోపలి కుట్టు చూడండి. కుట్టుకు రెండు వైపులా బట్టను పట్టుకుని మెల్లగా లాగినప్పుడు దారాల మధ్య సందులు కనిపిస్తే అది ఎక్కువ కాలం నిలవదు. లోపల మడతలో కాస్త అదనపు బట్ట వదిలి ఉంటే తరవాత వదులు చేయించుకోవచ్చు. పొడవు తగ్గించడం, పక్కలు బిగించడం టైలర్‌కు చిన్న పని, కానీ భుజాల కుట్టు జారి ఉన్న చొక్కాను సరిచేయించడం కష్టం, ఖర్చు కూడా ఎక్కువ. అందుకే చొక్కా కొనేటప్పుడు భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివరకు వస్తోందా అని మొదట చూసుకోవాలి. ఒకరు వాడినవి కొనేటట్లయితే చంకలు, మెడపట్టీ, తొడల లోపలి వైపు పరీక్షించండి. బట్ట అరిగేది ముందుగా అక్కడే.

పూసలదండ:

బట్టల గురించి పైన చెప్పినదానికి నేను కలపవలసినది లేదు. మీ మూడు బ్రేస్‌లెట్లకు మూడు వేరువేరు కారణాలున్నాయి, వాటిని చెబుతాను.

మొదటిదానిలో మీ కొలత సరైనదే, కొలిచిన చోటు సరైనది కాదు. టేపు మీద మీరు కొలిచింది పూసల మధ్యగా వెళ్లే దారం పొడవు. గుండ్రంగా చుట్టాక చేతికి తగిలేది మాత్రం పూసల లోపలి వైపు, ఆ చుట్టు ఎప్పుడూ చిన్నదే. పూస వ్యాసాన్ని 3.14తో హెచ్చవేస్తే ఎంత తగ్గుతుందో తెలుస్తుంది. 8 మిల్లీమీటర్ల పూసకు అది సుమారు 25 మిల్లీమీటర్లు. అంటే 15.2 సెంటీమీటర్ల మీ దండకు లోపల మిగిలింది 12.7 మాత్రమే, చర్మం మీద అచ్చులు పడ్డాయంటే ఆశ్చర్యం లేదు. ఇదే లెక్కను తిప్పి వేస్తే మీ మణికట్టుకు 17.5 సెంటీమీటర్ల పొడవు కావాలి, అంటే ఇరవై రెండు పూసలు. 4 మిల్లీమీటర్ల పూసలైతే 16.25 సెంటీమీటర్లు చాలు, నలభై ఒకటి పడతాయి. వదులుగా జారుతూ ఉండాలనుకుంటే ఇంకొక పూస చేర్చండి.

రెండోది తెగడానికి నాకు తెలిసి రెండు కారణాలు ఉండవచ్చు. ఇన్‌స్టంట్ గ్లూ ఆరాక గాజులా బిరుసెక్కుతుంది. దాని కింద దారం సాగలేదు, పక్కనున్న దారమేమో సాగుతూనే ఉంటుంది. ఆ రెండూ కలిసే చోట రోజూ ఒత్తిడి పడి చివరికి తెగుతుంది. ఆరాక కూడా మెత్తగా ఉండే నగల జిగురు వాడండి, లేదా జిగురే వాడకండి. రెండో కారణం పూస రంధ్రం అంచు. చౌక పూసలలో, ముఖ్యంగా లోహపు పూసలలో, రంధ్రం అంచు పదునుగా ఉండి దారాన్ని కోస్తుంది. సూది మొనను రంధ్రంలో తిప్పి చూస్తే గరుకు వేలికి తెలుస్తుంది. అలాంటి పూసలను తీసి పక్కన పెట్టండి.

గుచ్చేముందు దారాన్ని ముప్పై సెంటీమీటర్ల వరకు కత్తిరించుకుని, రెండు చివరలూ పట్టుకుని నిదానంగా నాలుగైదుసార్లు లాగి వదలండి. ఈ పని ముందే చేయకపోతే దారం మీ చేతి మీద సాగి, వారం తిరిగేలోగా పూసల మధ్య ఖాళీ కనిపిస్తుంది. 8 మిల్లీమీటర్ల పూసలకు 0.8 మిల్లీమీటర్ల దారం బాగుంటుంది. ముడి వేసేటప్పుడు మామూలుగా ఒకసారి మెలిపెట్టే చోట రెండుసార్లు మెలిపెట్టండి. అలా చేస్తే మొదటి మెలిక జారకుండా ఆగుతుంది, దాని మీద ఇంకొక ముడి వేసి గట్టిగా బిగించవచ్చు. తరవాత ముడిని రంధ్రం కాస్త పెద్దగా ఉన్న పూసలోకి లాగి దాచండి. దారం చివరలను ముడి మొదట్లోనే కత్తిరించకుండా రెండు మిల్లీమీటర్లు వదలడం నా పద్ధతి.

మూడోది రంగు దిగిన దారం. దారాన్ని అల్లేముందే తడిపి, తెల్ల గుడ్డలో చుట్టి గట్టిగా పిండి చూడండి. గుడ్డకు రంగు అంటితే, నీళ్లలో రంగు కనిపించనంత వరకు కడిగి ఆరబెట్టాకే వాడండి, అప్పటికీ దిగుతూ ఉంటే ఆ దారాన్ని వదిలేయండి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు. నూలుకు రంగు వేస్తున్నప్పుడు ఉప్పు సాయపడే మాట నిజమే, కానీ అప్పటికే వేసిన రంగు వదులుగా ఉంటే ఉప్పు దాన్ని పట్టి ఉంచలేదు.

తెల్లకాగితం:

ఇద్దరూ చెప్పినవాటికి నావి రెండు మాటలు. కొక్కెం ఉన్న బ్రేస్‌లెట్లు చేయాలనుకుంటే స్టెయిన్‌లెస్ స్టీల్ కొక్కేలే తీసుకోండి. చౌక లోహపు కొక్కేలలో నికెల్ ఉండవచ్చు, అది పడనివారికి మణికట్టు మీద దురద, దద్దుర్లు వస్తాయి. ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ గుణం సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది.

మీ నల్ల ప్యాంటు వెలిసిపోయి ఉంటే కొత్తది కొనేముందు రంగు వేయించే ఆలోచన చేయండి. అయితే నూలు బట్టకు వేసే రంగు పాలిస్టర్‌కు పట్టదు, కాబట్టి లోపలి చీటీ మీద బట్ట రకం చూసుకోండి. బట్ట పూర్తిగా నూలుదైనా దాన్ని కుట్టిన దారం చాలాసార్లు పాలిస్టర్‌దే అవుతుంది, అందువల్ల రంగు వేశాక బట్ట నల్లబడి కుట్లు మాత్రం పాత రంగులోనే గీతల్లా కనిపిస్తాయి. నాకు ఒక బూడిద రంగు ప్యాంటు విషయంలో అలా జరిగింది. కావాలనే అలా కుట్టించారా అని అడిగినవారూ ఉన్నారు, నాకూ చివరికి అది నచ్చింది, కానీ ముందే తెలిసి ఉండడం మేలు కదా.

నీలిఅంచు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న కిటికీ పక్కన ప్రతి జతా వేసుకుని చూశాను. పద్నాలుగు గళ్లలో ఆరింటికే గుర్తు పడింది. పసుపు గళ్ల టాప్ నల్ల ప్యాంటు మీద బాగుంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను, పగటి వెలుతురులో అస్సలు బాగాలేదు. స్నేహితురాలి ఇసుక రంగు ప్యాంటు అడిగి వేసుకుంటే, మీరు చెప్పిన ఐదింటిలో నాలుగు కుదిరాయి. ఆకుల టాప్ మాత్రం పొట్టిగా ఉండి దాని నడుముకు అందలేదు. వచ్చే నెల నడుము కాస్త ఎత్తుగా ఉన్నది చూసి కొంటాను. ఇరవై రెండు పూసల బ్రేస్‌లెట్ కూడా ఈ పూట పూర్తయింది, చేతికి చక్కగా కుదిరింది.

ఇంకొక్క సందేహం. కొక్కెమూ ఎలాస్టిక్కూ లేకుండా, దారంతోనే బిగించి వదులు చేసుకోగల బ్రేస్‌లెట్ ఎలా చేయాలి? వాటికి ఏ రంగులు ఎంచుకోవాలి?

పూసలదండ:

రంగు ముందు చెబుతాను, ఎందుకంటే అది మీ బీరువాలోనే ఉంది. పూల బట్ట, గళ్ల బట్ట ఏదైనా సరే, అందులో అన్నిటికన్నా తక్కువ చోటు ఆక్రమించిన రంగును ఎంచుకోండి. మీ గళ్ల టాప్‌లో అది పసుపు, ఆకుల టాప్‌లో ఆకుపచ్చ. ఆ దారంతో చేసినది ఆ టాప్‌తోనూ కలుస్తుంది, మీ తెలుపు, బూడిద రంగు సాదా టాప్‌లకు కావలసిన చిన్న మెరుపునూ ఇస్తుంది.

ఇక అల్లిక. 1 మిల్లీమీటరు మందం ఉన్న మైనపు నూలు దారం తీసుకోండి. 45 సెంటీమీటర్ల ముక్కలు రెండు మధ్య దారాలు. 150 సెంటీమీటర్ల ముక్క ఒకటి అల్లే దారం. దాన్ని సగానికి మడిచి, మధ్య దారాల కిందుగా పెడితే రెండు పక్కలా 75 చొప్పున వస్తుంది. మధ్య దారాలను బల్లకు టేపుతో అంటించి బిగువుగా ఉంచండి. ఎడమ దారాన్ని మధ్య దారాల మీదుగా కుడివైపుకు తెచ్చి, కుడి దారాన్ని దాని మీద వేసి, మధ్య దారాల వెనకగా తీసుకెళ్లి, ఎడమవైపు ఏర్పడిన ఉచ్చులోంచి పైకి తీసి రెండింటినీ లాగండి. తరవాత ఇదే పనిని కుడివైపు నుంచి చేయండి. ఈ రెండూ కలిస్తే ఒక ముడి. వైపు మార్చడం మరిచిపోతే అల్లిక మెలి తిరుగుతూ పోతుంది, అదీ అందంగానే ఉంటుంది కానీ చొక్కా చేతి అంచు కింద చదునుగా కూర్చోదు. 12 సెంటీమీటర్ల వరకు అల్లి, అల్లే దారాల చివరలను వెనక నాలుగైదు ముళ్ల కిందికి సూదితో దూర్చి కత్తిరించండి.

ఇప్పుడు రెండు వైపులా మిగిలిన మధ్య దారాలను ఎదురెదురుగా ఒకదానిపై ఒకటి పెట్టండి. ముప్పై సెంటీమీటర్ల వేరే దారంతో, ఆ నాలుగింటినీ కలిపి పట్టుకుని పైన చెప్పిన ముళ్లే ఐదారు వేయండి. మరీ బిగించకండి, దారాలు కాస్త ప్రయత్నం మీద జరిగేలా ఉండాలి. చివరగా మధ్య దారాల కొసలకు ఒక్కో చిన్న పూస గుచ్చి ముడి వేయండి. అది లేకపోతే వదులు చేసినప్పుడు కొస ఆ ముళ్లలోంచి జారి బయటికి వచ్చేస్తుంది, మళ్లీ దూర్చడం అల్లినంత పని అవుతుంది.