జమీందారీ ఇంటి పాలరాతి వాజ్: పీట దగ్గర మరక, చీలిక

పెన్నాతీరం:
నెల్లూరులో బంధువుల పాత జమీందారీ ఇంట్లో తెల్లటి వాజ్ ఉంది. రెండడుగుల ఎత్తు, నోరు పైకి ఉండేలా తిరగేసిన గంట ఆకారం. అంచు కింద ద్రాక్షతీగ, చుట్టూ ఆడుతున్న బొమ్మలు, తూలిపడబోయే ముసలాయన్ని ఒకరు పట్టుకున్నట్టు ఉంది. కాడ, పీట కలిసేచోట గోధుమరంగు మరక, దానిపైన వెంట్రుకంత చీలిక. ఇత్తడికిమల్లే చింతపండుతో తోమితే పోతుందంటున్నారు. తోమొచ్చా? ఇది పాలరాయేనా?

రాతిపని:
చింతపండు తాకనివ్వకండి. పాలరాయి క్యాల్షియం కార్బొనేట్. ఏ పులుపైనా దాన్ని తింటుంది, మెరుపు పోయి గరుకు తేలుతుంది, ఆ గరుకులో మురికి ఇంకా త్వరగా పడుతుంది. చీమకుర్తి గ్రానైట్ పాలిష్ వాళ్లనూ పిలవొద్దు. పాలరాతి నేలలకు వాడే పొడుల్లో చాలావాటిలో ఆక్జాలిక్ ఆమ్లం ఉంటుంది. మెషిన్ పెడితే బొమ్మల ముక్కులు, వేళ్లు అరిగిపోతాయి.

మీరు చెప్పిన మరక తుప్పులా ఉందండీ. ఇలాంటివి గిన్నె, కాడ, పీట విడివిడిగా చెక్కి, మధ్యలో ఇనప కమ్మీ దించి బిగిస్తారు. మన తీరం గాలిలో తేమా ఉప్పూ రెండూ ఉన్నాయి. ఇనుము తుప్పయితే ఉబ్బుతుంది, రాయి సాగదు కనుక చీలుతుంది. చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి కాడ పక్కన వేలాడదీయండి. అటు లాగితే ఇనుమే. లాగకపోయినా లేదని కాదు, కమ్మీ లోతుగా ఉండొచ్చు. పైమరక ఎంత తీసినా కమ్మీ మార్చందే మళ్లీ వస్తుంది. కమ్మీ తీసి ఉప్పుగాలికి తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వేయడం కన్జర్వేటర్ (పాత కళాఖండాలు బాగుచేసే నిపుణుడు) పని, ఇంట్లో విప్పొద్దు.

పాతశిల్పం:
తూలే ముసలాయన సైలీనస్, గ్రీకు కథల్లో మద్యదేవుడి ముసలి సహచరుడు. పారిస్ లూవ్‌ర్ మ్యూజియంలోని బొర్గీస్ వాజ్ అనే పురాతన పాలరాతి వాజ్ మీదున్న దృశ్యమిది, అసలుది 1.72 మీటర్ల ఎత్తు. యూరప్ ప్రభువుల తోటలకూ హాళ్లకూ దీన్ని, ఫ్లోరెన్స్‌లోని మెడిచి వాజ్‌నీ జంటగా నకలు చేయించేవారు. మీది ఆ కోవలోదే అనిపిస్తోంది, జత ఎక్కడైనా ఉందేమో వెతకండి.

రాయి పరీక్షకు పీట అడుగున, కనపడనిచోట గోటితో గీయండి. గీత పడితే జిప్సమ్ అలబాస్టర్ (పాలరాయిలా కనిపించే మెత్తటి రాయి), పాలరాతి మీద పడదు. అలబాస్టర్ అయితే నీళ్లు కూడా వాడొద్దు, కొద్దికొద్దిగా కరుగుతుంది. బొమ్మల మీదుగా అచ్చు అతుకు గీతో, గాలిబుడగల గుంటలో ఉంటే అది రాయి కాదు, ప్లాస్టిక్‌లాంటి రెసిన్‌ని అచ్చులో పోసింది.

పెన్నాతీరం:
గోటికి గీత పడలేదండీ. అయస్కాంతం కాడవైపు లాగింది. ఇప్పుడు దుమ్మన్నా తీయొచ్చా?

రాతిపని:
తీయొచ్చు, చీలికకు దూరంగా. ముందు మెత్తటి పొడిబ్రష్షుతో పైనుంచి కిందికి. తర్వాత డిస్టిల్డ్ వాటరులో దూది పుల్ల ముంచి, పిండి, అరచేయంత జాగాలో దొర్లించండి, రుద్దకండి. దూది నల్లబడగానే మార్చండి, తడిని వెంటనే అద్దండి. బోరునీళ్లు వద్దు, ఉప్పు లోపలికి దిగుతుంది. బ్లీచింగ్, ఫినాయిల్, కొబ్బరినూనె, మైనం ఏవీ వద్దు. చీలికలో ఆరల్డైట్ జిగురు అసలు పోయొద్దు, పసుపెక్కుతుంది, తర్వాత విప్పేటప్పుడు రాయి విరుగుతుంది.

జరపాల్సివస్తే వాజ్ చెవులు (పిడులు) పట్టుకుని ఎత్తకండి. లీటరు పాలరాయి 2.7 కిలోలు, 20 లీటర్ల రాయున్నా 54 కిలోలు. గిన్నె కింద ఒకరు, పీట కింద ఒకరు. కాడ మీద పక్కబరువు పడితే ఆ చీలిక దగ్గరే తెగుతుంది.

పాతశిల్పం:
ఈశాన్య రుతుపవనాలు రాకముందే గోడకు, కిటికీకి దూరంగా పెట్టించండి. కిందపడని చోటు చూడండి, పువ్వులూ నీళ్లూ మాత్రం పోయకండి.