విమానంలో చేతిసామానుకు రెండు వేల లోపు ఏ బ్యాగు కొనాలె?

ప్రశ్న: నల్గొండ నుంచి బస్సుల శంషాబాద్ పోయి, అక్కడ ఇండిగో ఎక్కాలె. చెక్-ఇన్ సామాను (కౌంటర్ల అప్పజెప్పేది) లేదు. ట్రాలీ కొనాల్నా, వీపు బ్యాగు కొనాల్నా?

జవాబు 1: వీపు బ్యాగే కొనున్రి. ఇండిగోల క్యాబిన్ బ్యాగు 7 కిలోలు దాటొద్దు, కొలత 55×35×25 సెంటీమీటర్లు. గట్టి ట్రాలీ ఖాళీగనే రెండున్నర కిలోలు తూగుతది, మీకు మిగిలేది నాలుగున్నర. గుడ్డ బ్యాగు కిలో లోపే ఉంటది. పైగా బస్సుల ట్రాలీ పెట్టుకునుడు కష్టం.

జవాబు 2: ట్రాలీయే కావాల్నంటే టేపు తీసుకపోయి దుకాణంలనే కొలవున్రి. ‘20 అంగుళాలు’ అని రాసినా, కొన్నిట్ల చక్రాలు, పిడి ఆ లెక్కల ఉండవు. చక్రాలు స్క్రూలతోని బిగించినవి చూడున్రి, పాడైతే మార్చుకోవచ్చు. రివిట్ కొట్టినవైతే రిపేరు కష్టం. జిప్పు మూలల కాడ పదిసార్లు లాగి చూడున్రి, పండ్లు విడేది అక్కడ్నే. బ్యాగును పెద్దగ చేసే అదనపు జిప్పు ఉంటే దాన్ని మూసే ఉంచాలె, తెరిస్తే మందం 25 సెంటీమీటర్లు దాటొచ్చు.

జవాబు 1: అవును, జిప్పు మాట ముఖ్యం. ఇంట్ల వేలాడదీసే తూకం ఉంటే సర్దినంక తూచున్రి, ఆరున్నర కాడ ఆపితే నిమ్మళం.

ప్రశ్న అడిగినవారు: మామిడికాయ తొక్కు, పవర్ బ్యాంకు?

జవాబు 2: పవర్ బ్యాంకు చేతిసామానులనే ఉండాలె, చెక్-ఇన్‌ల పెట్టనియ్యరు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్-అవర్లు (బ్యాటరీల పట్టే కరెంటు లెక్క), విమానంల హద్దు 100 లోపే కాబట్టి ఫికర్ లేదు. నూనె తేలే తొక్కును మాత్రం సెక్యూరిటీ కాడ ఆపొచ్చు. సకినాలు, గారెలు తీసుకపోవున్రి.