నా గేమ్‌లో ఎలక్షన్ యాడ్ వచ్చిందంట, నేను పెట్టలేదు మొర్రో అంటే ఎవరూ నమ్మట్లే

గొట్టాల_గోపి:
అందరికీ నమస్తే. నాది చిన్న పజిల్ గేమ్, రంగు రంగుల గొట్టాలు తిప్పి నీళ్లు అవతలికి పంపించే టైపు. ఒక్కడినే కూర్చుని చేశా, ఫ్రీ గేమే, మధ్య మధ్యలో వచ్చే యాడ్స్ మీదే నడుస్తోంది. మొన్న పొద్దున్నే లేచి రివ్యూలు చూస్తే ఒక్క స్టార్ ఇచ్చి ఒకావిడ రాసింది, "గేమ్ బానే ఉంది కానీ మీ పార్టీ ప్రచారం మా పాపకెందుకండీ" అని. నాకు పార్టీ ఏంటో ప్రచారం ఏంటో బుర్రకెక్కలేదు. స్క్రీన్‌షాట్ ఉంటే పంపండి మేడమ్ అని అడిగితే పంపింది.

చూస్తే నిజమే. 14వ లెవెల్ అయిపోయింది, నేను గీసిన "శభాష్" బోర్డు పైన ఒక మూల మాత్రం కనిపిస్తోంది, మిగతా స్క్రీన్ అంతా ఎవరో అభ్యర్థి నవ్వుతున్న వీడియో, మూలన ఇంటూ మార్కు రావడానికి ఇంకా 4 సెకన్లు ఉందని లెక్క తిరుగుతోంది. నేను నా ఫోన్లో అదే లెవెల్ ఒక 40 సార్లు ఆడి చూశా, ఒక్కసారి కూడా ఆ యాడ్ రాలేదు, అన్నీ వేరే గేముల యాడ్సే. ఇప్పుడు దాని కింద ఇంకో ముగ్గురు వచ్చి ఎంత తీసుకున్నావ్ అని అడుగుతున్నారు. తాటిచెట్టు కింద పాలు తాగినట్టుంది నా పరిస్థితి. అసలు ఇది నా గేమ్‌లోకి ఎలా దూరింది, ఆపడానికి ఏం చెయ్యాలి, పెద్ద గేముల్లో కూడా ఇలా జరుగుతుందా లేక నా ఖర్మేనా, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

వేలంపాట_వెంకీ:
బ్రో కంగారుపడకు, నేను మొబైల్ గేములకి యాడ్స్ సెట్ చేసే పనే చేస్తా, ఇది నీ ఒక్కడికే కాదు. నువ్వు గేమ్‌లో పెట్టింది యాడ్ కాదు, యాడ్ కోసం ఖాళీ స్థలం. లెవెల్ అవ్వగానే నీ గేమ్‌లో ఉన్న ఎస్‌డీకే, అంటే యాడ్ కంపెనీ ఇచ్చిన కోడ్ ముక్క, "ఇదిగో ఇలాంటి ఫోన్, సుమారు ఈ ఏరియా, పజిల్ గేమ్, ఫుల్ స్క్రీన్ జాగా ఖాళీ" అని బయటికి కేక పెడుతుంది, అవతల కొనేవాళ్ల తరఫున మెషీన్లు పాట పాడతాయి, ఎక్కువ పాడినోడి వీడియో దిగిపోతుంది, ఇదంతా కన్ను మూసి తెరిచేలోపే. ఆ పాటలో నువ్వు లేవు, నీకు తెలిసేదల్లా నెలాఖరున వచ్చే డబ్బులే.

నీ ఫోన్లో ఎందుకు రాలేదంటే ఆ అభ్యర్థికి నీ ఓటు అక్కర్లేదు కాబట్టి. ఎలక్షన్ యాడ్ కొనేవాడు ముందు చూసేది ఏరియానే, ఓటర్లు ఉన్న చోట తప్ప ఎక్కడా పైసా ఖర్చు పెట్టడు. నువ్వు 40 కాదు 400 సార్లు ఆడినా రాదు.

ఆపడం సంగతికొస్తే, యాడ్ నెట్‌వర్క్ డాష్‌బోర్డ్‌లో బ్లాకింగ్ అని ఉంటుంది, అందులో సెన్సిటివ్ కేటగిరీల కింద పాలిటిక్స్ ఉంటుంది, అది ఆపెయ్. కానీ నువ్వు మీడియేషన్ పెట్టి, అంటే నాలుగైదు యాడ్ నెట్‌వర్క్‌లు ఒకేచోట కలిపి వాడుతుంటే ఒక్కచోట ఆపితే సరిపోదు, ప్రతి దాంట్లోకీ విడివిడిగా వెళ్లి ఆపాలి, అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఇంకో సంగతి, ఆ కేటగిరీ లేబుల్ అనేది యాడ్ ఇచ్చినోడు చెప్పినదాన్ని బట్టి, వాళ్ల రివ్యూ పట్టుకున్నదాన్ని బట్టి పడుతుంది. వాడు "న్యూస్" అనో "సేవా సంస్థ" అనో చెప్పి జారిపోతే నీ బ్లాక్ పక్కనుంచే లోపలికొస్తుంది. 2023 అక్టోబర్‌లో రాయిటర్స్ ఒక వార్త రాసింది, లండన్‌లో 6 ఏళ్ల పిల్లాడు ఫోన్లో పజిల్ గేమ్ ఆడుకుంటుంటే హమాస్ దాడి దృశ్యాలతో ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ వీడియో వచ్చిపడింది, పిల్లాడు హడలిపోయాడు. యాంగ్రీ బర్డ్స్‌లో కూడా అది కనబడింది, ఆ గేమ్ చేసే రోవియో వాళ్లే పొరపాటున మా గేమ్‌లోకి వచ్చింది అని ఒప్పుకున్నారు. అది ఎలక్షన్ యాడ్ కాదులే కానీ దారి అదే దారి. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు, నువ్వెంత.

పాతకన్సోల్:
గోపి గారూ, పెద్ద గేముల్లో జరుగుతుందా అని అడిగారు కదా, 2008లోనే జరిగింది. బర్నౌట్ ప్యారడైజ్ అని కార్లు గుద్దుకునే గేమ్, అందులో రోడ్ల పక్కన హోర్డింగులు ఉంటాయి, ఎక్స్‌బాక్స్ 360లో ఆన్‌లైన్‌లో ఉండి ఆడుతుంటే ఆ అక్టోబర్‌లో ఒక హోర్డింగ్ మీద ఒబామా బొమ్మ, పక్కన "ముందస్తు ఓటింగ్ మొదలైంది" అని, ఒక వెబ్‌సైట్ పేరు, అడుగున ఎవరి డబ్బులతో వేశారో చిన్న అక్షరాల్లో. స్క్రీన్‌షాట్లు బయటికొచ్చినప్పుడు చాలామంది ఎవడో ఫొటోషాప్ చేశాడు అనుకున్నారు, తర్వాత ఆ గేమ్ అమ్మే కంపెనీ ఈఏ వాళ్లే నిజమే అని చెప్పారు. మొత్తం 18 గేముల్లో వేశారు, అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్ మ్యాడెన్ కూడా ఉంది అందులో. 10 రాష్ట్రాల్లో మాత్రమే కనిపించేది, ఒహాయో, ఫ్లోరిడా, కొలరాడో లాంటి గట్టి పోటీ ఉన్న చోట్ల. పక్క రాష్ట్రం వాడు అదే రోడ్డు మీద అదే మలుపు తిరిగితే వాడికి వేరే యాడ్ ఉంటుంది. వెంకీ గారు చెప్పిన ఏరియా లెక్కే, కాకపోతే అప్పట్లో జనానికి అది వింత.

దాని వెనక పనిచేసింది మాసివ్ అనే కంపెనీ, 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసింది, 2010లో మూసేసింది కూడా. హోర్డింగ్ అనేది గేమ్‌కి ఒక బొమ్మ అంతే, గోడకి అంటించిన కాగితం లాంటిది, సర్వర్ నుంచి కొత్త కాగితం దిగితే పాతది మారిపోతుంది, గేమ్ ఆగదు. ఆడేవాడు దానివైపు చూశాడా లేదా అనేది కూడా లెక్కగట్టేవాళ్లు, స్క్రీన్‌లో ఎంత పెద్దగా పడింది, ఏ కోణంలో పడింది, మొత్తం కలిపి 10 సెకన్లు కనబడితేనే ఒక యాడ్ చూసినట్టు. 2009లో పరిశ్రమ వాళ్లు పెట్టుకున్న కొలత కూడా ఈ 10 సెకన్లే, 2022లో దాన్ని మార్చి సగం పిక్సెళ్లు 1 సెకను కనిపిస్తే చాలన్నారు. గంటకి రెండొందల మైళ్ల వేగంతో పోయేవాడికి 10 సెకన్లంటే కష్టమే మరి.

ఇదంతా చేసి ఒబామా ప్రచారం మాసివ్‌కి కట్టింది దాదాపు 44,500 డాలర్లు. అన్ని కోట్ల ప్రచారంలో అది చిల్లర, కానీ ఆ వార్త ప్రతి పేపర్లో వచ్చింది, అసలు లాభం గేమ్‌లో కాదు పేపర్లో అని నా లెక్క. 2012లో కూడా మళ్లీ ఈఏ గేముల్లో వేశారు.

దానికంటే ముందు, 2003 డిసెంబర్‌లో, అమెరికా అధ్యక్ష పదవికి డెమోక్రటిక్ పార్టీ టికెట్ కోసం పోటీపడ్డ హోవర్డ్ డీన్ ప్రచారం వాళ్లు ఏకంగా గేమే చేయించారు, ఇయన్ బోగోస్ట్, గొంజాలో ఫ్రాస్కా అనే గేమ్ డిజైనర్లు చేసింది. అయోవా రాష్ట్రంలో ఇంటింటికీ తిరగడం, కరపత్రాలు పంచడం, బోర్డు పట్టుకుని ఊపడం, ఇదే ఆట. జనవరిలో అక్కడ ఓట్లు పడితే అసలు డీన్ మూడో స్థానంలో వచ్చాడు, ఆట వల్ల అని నేననను.

ఏముందిలే_భయ్యా:
నాకు ఇందులో తప్పేంటో అర్థం కావట్లే. టీవీలో వస్తుంది, పేపర్లో వస్తుంది, గోడ మీద వస్తుంది, యూట్యూబ్‌లో పాట వినబోతే వస్తుంది, అక్కడెక్కడా లేని మడి గేమ్ దగ్గర ఎందుకు? ఇప్పటి కుర్రాళ్లు టీవీ చూడరు పేపర్ చదవరు, వాళ్లు ఉన్న చోటికే కదా వెళ్తారు ఓట్లు అడిగేవాళ్లు. పైన చెప్పిన హోర్డింగ్‌నే తీసుకోండి, ఓటింగ్ మొదలైంది అని చెప్పింది, పనికొచ్చే మాటే. తలకి తుపాకీ పెట్టి ఇంకోడిని కాల్చే గేమ్ మధ్యలో షూ యాడ్ వస్తే ఎవడికీ బాధ లేదు, ఒక మనిషి నాకు ఓటెయ్యండి అంటే మాత్రం గగ్గోలు.

దీవి_పిల్ల:
భయ్యా, షూ యాడ్ చూసి ఎవరూ గోపి గారిని "ఎంత తీసుకున్నావ్" అని అడగరు, తేడా అదే. షూ కంపెనీ నా గేమ్‌లో కనబడితే నేను షూ కంపెనీ మనిషిని అని ఎవరూ అనుకోరు. అభ్యర్థి కనబడితే మాత్రం గేమ్ చేసినోడు వాళ్ల మనిషే అయిపోతాడు.

ఇంకోటి కూడా చెప్తా, యాడ్ కొనకుండా గేమ్‌లోకి వెళ్లడం వేరే కథ. 2020లో యానిమల్ క్రాసింగ్‌లో, అదే ఎవరి దీవి వాళ్లు కట్టుకునే నింటెండో గేమ్‌లో, బైడెన్ ప్రచారం వాళ్లు ఇంటి ముందు పాతుకునే బోర్డుల డిజైన్లు ఇచ్చారు, కావాల్సినవాళ్లు తీసుకుని తమ దీవిలో పెట్టుకున్నారు. తర్వాత బైడెన్ దీవి అని ఒకటి కట్టారు, నేను వెళ్లి చూశా కూడా, ఒక ఆఫీసు, దాని ముందు ఊరికే నిలబడ్డ బొమ్మ బైడెన్, రెండు నిమిషాలు తిరిగి బోర్ కొట్టి వచ్చేశా. అదే ఏడాది జపాన్‌లో ఇషిబా షిగేరు అనే నాయకుడు తన పార్టీ నాయకత్వం కోసం పోటీ చేస్తూ అలాగే ఒక దీవి తెరవాలనుకుని, నింటెండో షరతులకి విరుద్ధం అని తేలాక మానుకున్నాడు. ఆ నవంబర్‌లో నింటెండో కంపెనీలకీ సంస్థలకీ రూల్స్ పెట్టింది, మా ఆటలోకి రాజకీయాలు తేవద్దు అని. 2024లో కమలా హ్యారిస్ ప్రచారం వాళ్లు ఫోర్ట్‌నైట్ గేమ్‌లో ఒక మ్యాప్, అంటే ఆడుకునే చోటు, చేశారు. రోబ్లాక్స్ అనే గేముల వేదిక అయితే పోటీలో ఉన్న అభ్యర్థుల ఊసే ఎత్తొద్దంటుంది.

వీటిల్లో నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే నేను కావాలని వెళ్తే కనబడతాయి. 2020 అక్టోబర్‌లో అమెరికా ఎంపీ అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ అమాంగ్ అస్ అనే గేమ్ లైవ్‌లో ఆడుతూ ఓటెయ్యండి అని చెప్తుంటే ఒకేసారి 4 లక్షల మందికి పైగా చూశారు, అందరూ ఇష్టపడి వచ్చినవాళ్లే. మీటింగ్‌కి మనం వెళ్లడం వేరు, మీటింగే ఇంట్లోకొచ్చి తలుపు మూసి 5 సెకన్లు కదలొద్దనడం వేరు.

ఏముందిలే_భయ్యా:
సరే ఆ "ఎంత తీసుకున్నావ్" పాయింట్ ఒప్పుకుంటా. 5 సెకన్లది మాత్రం ఒప్పుకోను, సబ్బు యాడ్ కూడా 5 సెకన్లు తలుపు మూస్తుంది.

గొట్టాల_గోపి:
అందరికీ థాంక్స్, ముఖ్యంగా వెంకీ బ్రోకి. నేను నాలుగు నెట్‌వర్క్‌లు వాడుతున్నా, మూడింట్లో ఆపేశా, నాలుగోదాంట్లో ఆ ఆప్షన్ ఎక్కడుందో కనబడక చాట్‌లో అడిగితే "ఆ యాడ్ క్రియేటివ్ ఐడీ చెప్పండి" అంటున్నారు, అంటే ఆ వీడియో నంబర్. ఐడీ నాకెక్కడిది? ఆ వీడియో నేను ఇంతవరకు చూడనే లేదు, ఒక స్క్రీన్‌షాట్ తప్ప. నాకు ఒళ్లు మండేది అక్కడే. గోడ మీద పోస్టర్ అయితే నేను వెళ్లి చూస్తా, అవతల పార్టీ వాడు చూస్తాడు, అబద్ధం రాస్తే అడుగుతాడు. ఇది ఆవిడ ఫోన్లో అరనిమిషం వెలిగి ఆరిపోయింది. నా గేమ్‌లో ఏం చెప్పారో నాకే తెలీదు, ఇంక దాన్ని తప్పో ఒప్పో అని ఎవడు తేలుస్తాడు.

వేలంపాట_వెంకీ:
బ్రో నువ్వు పట్టుకున్నదే అసలు విషయం, కుర్రాళ్లకి యాడ్ చూపించడం కాదు గొడవ, చూపించాక మాయమవడం. ఫేస్‌బుక్, గూగుల్ 2018 నుంచి ఎలక్షన్ యాడ్స్‌కి లైబ్రరీ పెట్టాయి, ఎవరు వేశారు, సుమారు ఎంత ఖర్చు, వెతుక్కోవచ్చు. నీ కేసులో లాగా చేతులు మారి మారి వచ్చిన ఇన్-గేమ్ యాడ్ కోసం ఆటగాడు వెళ్లి వెతికే ఒక్క చోటు నాకింతవరకు తగల్లేదు. అమెరికాలో ఎన్నికల డబ్బు లెక్కలు చూసే ఎఫ్‌ఈసీ 2022 డిసెంబర్‌లో ఒప్పుకున్న రూల్ ప్రకారం డబ్బులిచ్చి యాప్‌లో వేసినా సరే ఎవరు డబ్బు కట్టారో యాడ్ మీద ఉండాలి, అది 2023 మార్చి నుంచి అమల్లో ఉంది. యూరప్‌లో 2025 అక్టోబర్ 10 నుంచి ఇంకా గట్టి చట్టం వచ్చింది, లేబుల్ పెట్టాలి, ఎవరు కట్టారో ఎంత కట్టారో చెప్పాలి, ఎవరికి గురిపెట్టారో చెప్పాలి. దెబ్బకి గూగుల్, ఫేస్‌బుక్ ఓనర్ మెటా రెండూ అక్కడ పొలిటికల్ యాడ్సే మానేశాయి. పెద్ద తలుపులు మూస్తే ఆ డబ్బు చిన్న సందుల్లోంచి రావడానికి చూస్తుంది, చిన్న సందులంటే మనలాంటివాళ్ల గేములే, అందుకే ముందే ఆపుకోమంటున్నా.

ఐడీ కోసం ఇలా చెయ్, ఆవిడని ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ ఫోన్ అని అడుగు, ఆ మూడూ పట్టుకుని ఆ నాలుగో నెట్‌వర్క్ సపోర్ట్‌కి మెయిల్ పెట్టు, చాట్‌లో కాదు, మెయిల్. లాగ్స్ ఎక్కువ రోజులు దాచరు, ఈ రోజే పంపు. ఇకముందుకి నీ కోడ్‌లో యాడ్ లోడ్ అయిన ప్రతిసారీ ఏ నెట్‌వర్క్ నుంచి వచ్చింది, రెస్పాన్స్ ఐడీ (ఆ యాడ్‌తో వచ్చే నంబర్) ఏంటి అని ఒక లైన్ రాసి పెట్టుకో, రేపు ఎవరైనా అడిగితే కనీసం చేతిలో ముక్క ఉంటుంది. ఇంకా, పిల్లలు ఆడే గేమ్ అయితే స్టోర్‌లో అలా చెప్పావా లేదా? అక్కడ చెప్పి, కోడ్‌లో కూడా పిల్లల ట్యాగ్ పెడితే అది యాడ్ రిక్వెస్ట్‌తో పాటు వెళ్తుంది, చాలా చెత్త అక్కడే ఆగుతుంది, డబ్బులు కూడా తగ్గుతాయనుకో.

గొట్టాల_గోపి:
అప్‌డేట్. మెయిల్ పెట్టా, రెండు రోజులకి జవాబొచ్చింది, ఆ యాడ్ "విద్య" కేటగిరీ కింద వచ్చిందంట! తీసేశాం అన్నారు, వీడియో చూపించమంటే కుదరదన్నారు. పిల్లల ట్యాగ్ కూడా పెట్టా, నిన్నటి సంపాదన చూసి కాసేపు మాట్లాడలేదు.

ఇదంతా స్క్రీన్‌షాట్లతో సహా ఆవిడకి రాసి పంపితే పాపం అర్థం చేసుకుంది, ఒక స్టార్‌ని మూడు చేసింది. మిగతా రెండు ఎందుకివ్వలేదు మేడమ్ అంటే 22వ లెవెల్ గెలవడం ఎవరి వల్లా కాదు, పాప ఏడుస్తోంది అని. ఆడి చూశా. నిజమే, ఒక గొట్టం తిరగేసి పెట్టాను.