ఫ్లారెన్స్ గుమ్మటం: రోమన్ల విద్య మళ్లీ లేచిందా, మేస్త్రీల పనితనమా?

పాతలాటిన్:
మధ్యయుగాల తర్వాత గ్రీకు, రోమన్ విద్యలు తిరిగి బతికాయి కాబట్టే ఇటలీలో కొత్త కళ పుట్టిందని చెబితే, అది పాతకాలపు పాఠమని ఈ మధ్య చాలామంది తేలిగ్గా కొట్టిపారేస్తున్నారు. నేను ఒప్పుకోను. గాల్లో వాదించుకునే బదులు ఒకే కట్టడం ముందు పెట్టుకుని తేల్చుకుందాం: ఫ్లారెన్స్ పెద్ద చర్చి సాంతా మరియా దెల్ ఫియోరె మీది గుమ్మటం.

ఆ చర్చికి 1296లో పునాది పడింది. వందేళ్లు గడిచినా నడిమి అష్టభుజి మీద కప్పు పడలేదు. 1418లో నమూనాల పోటీ పెట్టి 200 బంగారు ఫ్లోరిన్ల బహుమతి ప్రకటించారు. 1420 ఆగస్టులో ఫ్లారెన్స్ వాస్తుశిల్పి బ్రూనెలెస్కి పద్ధతిలో పని మొదలైంది, 1436లో గుమ్మటం మూసుకుంది. అంత వెడల్పున గుమ్మటం ఇటలీలో అప్పటికి ఒక్కటే నిలిచి ఉంది, రోమ్‌లోని పాంథియన్. దాని వ్యాసం 43.3 మీటర్లు. బ్రూనెలెస్కి జీవితచరిత్ర రాసిన మనెట్టి, అతను శిల్పి డొనాటెల్లోతో కలిసి రోమ్ వెళ్లి శిథిలాలు తవ్వి కొలతలు తీశాడని చెబుతున్నాడు. 1416లో పాత గ్రంథాలు వెతికే పండితుడు పోజ్జో సెయింట్ గాల్ మఠంలో రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ వాస్తు గ్రంథం ప్రతిని వెలికితీశాడు. పోటీకి సరిగ్గా రెండేళ్ల ముందు. ఇవన్నీ కాకతాళీయాలేనా?

తాపీలెక్క:
పాతలాటిన్ గారూ, మీరు చెప్పిన తేదీల్లో పేచీ లేదు. పేచీ అంతా గోడ దగ్గర ఉంది. పాంథియన్‌ను ఎంత కొలిచినా ఫ్లారెన్స్ గుమ్మటం కట్టడం రాదు. ఎందుకో వరసగా చెబుతాను.

పాంథియన్ కాంక్రీటు. కింద సెంట్రింగ్ నిలబెట్టి, దాని మీద సున్నం, అగ్నిపర్వత బూడిద, రాతి ముక్కలు కలిపి పోశారు. పైకి పోయేకొద్దీ రాయి తేలికవుతూ చివర్లో ప్యూమిస్ వాడారు. గుమ్మటం పక్కలకు తోసే తన్నును కింద 6 మీటర్ల మందం గోడ మోస్తుంది. ఫ్లారెన్స్‌లో ఇందులో ఒక్కటీ లేదు. గుమ్మటం మొదలయ్యే చోటు నేలకు 50 మీటర్ల పైన ఉంది. అంత ఎత్తుకు, అంత వెడల్పుకు సెంట్రింగ్ కట్టడానికి కలప చాలదు, కట్టినా తన బరువుకే కుంగుతుంది. సెంట్రింగ్ లేకుండా కట్టడమెలా అన్నదే అసలు సమస్య. పాంథియన్‌లో దానికి జవాబు లేదు.

ఆకారం కూడా బ్రూనెలెస్కిది కాదు. 1367లోనే నిర్ణయమైపోయింది. ఎనిమిది ముఖాలు, రెండు పొరలు, కొనదేలిన కమాను. వ్యాసాన్ని ఐదు భాగాలు చేసి నాలుగు భాగాలంత వ్యాసార్థంతో చాపం గీస్తారు, దాన్నే ఐదోవంతు కొన అంటారు. ఇది గోతిక్ మేస్త్రీల, అంటే మధ్యయుగపు యూరప్ చర్చిలు కట్టినవాళ్ల లెక్క. రోమన్లు అర్ధవృత్తం దాటలేదు. కొనదేలిన కమాను పక్కలకు తక్కువ తన్నుతుంది. బయట ఎగిరే ఆనుగోడలు, అంటే గోడను బయటి నుంచి ఆపే కమాను దన్నులు, వద్దనుకున్న ఊరికి అదే దిక్కు.

ఇక 1420 నాటి పని నిర్దేశం చూడండి. లోపలి పొర అడుగున 3¾ బ్రాచ్చాల మందం, పైకి వెళ్లేసరికి 2½. బ్రాచ్చా అంటే సుమారు 58 సెంటీమీటర్లు. బయటి పొర అడుగున 1¼, పైన ⅔. పొరల మధ్య మనిషి నడిచేంత ఖాళీ. మూలల్లో 8, ముఖాల్లో 16, మొత్తం 24 రిబ్బులు, పక్కటెముకల్లాంటి నిలువు కట్లు. చుట్టూ ఇసుకరాతి దిమ్మెల గొలుసులు, ఒక్కో దిమ్మెను పక్కదానితో తగరం పూత పెట్టిన ఇనప పట్టీలతో కలిపారు. వాటికి తోడు చెస్ట్‌నట్ దూలాల గొలుసు ఒకటి. కింద రాయి, పైన ఇటుక. సెంట్రింగ్ లేకుండా 30 బ్రాచ్చాల ఎత్తు వరకు, అంటే 17.5 మీటర్ల దాకా కట్టాలని, ఆ పైన ఏం చేయాలో అప్పటికి నిర్ణయించుకోవాలని రాసుకున్నారు. కారణం కూడా అందులోనే ఉంది: కట్టుబడిలో తర్వాతి అడుగు ఏమిటో అనుభవమే నేర్పుతుందట. పాత గ్రంథం చేతిలో పెట్టుకున్నవాడు ఆ వాక్యం రాయడు.

తూర్పుగాలి:
రెండు పొరల గుమ్మటం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఇరాన్‌లోని సుల్తానియాలో ఒల్జైతు సమాధి 1302, 1312 మధ్య కట్టారు. ఇటుక, రెండు పొరలు, అష్టభుజి పీఠం, వ్యాసం సుమారు 25 మీటర్లు. ఫ్లారెన్స్‌కు వందేళ్ల ముందుది. అక్కడి నుంచి ఇక్కడికి మేస్త్రి ఎవరైనా వచ్చాడనడానికి కాగితం లేదు, ఆ దారి గురించి నేను వాదించను. సెంట్రింగ్ లేకుండా ఇటుక గుమ్మటం లేపడం పర్షియాలో తరతరాలుగా సాగిన పని, అంతే నా పాయింటు. మన దక్కన్‌లోనే చూడండి. 1656 నాటి బిజాపూర్ గోల్ గుంబజ్‌కు బయట దాదాపు 44 మీటర్ల వ్యాసం. ఒకదాన్నొకటి ఖండించుకునే కమానులతో చదరాన్ని వృత్తంగా కుదించి, ఆ పైన గుమ్మటం కూర్చోబెట్టారు. విట్రూవియస్ ఊసే లేదు. పెద్ద గుమ్మటం కనబడగానే రోమ్‌కు పరుగెత్తనక్కర్లేదు.

పాతలాటిన్:
తాపీలెక్క గారూ, సెంట్రింగ్ లేకుండా అని రెండుసార్లు అన్నారు గానీ ఎలా అన్నది చెప్పలేదు. ఆ గుమ్మటంలో ఇటుకలు పేర్చిన చేప ముల్లు వరస రోమన్లదే కదా? రోమన్ నేలల్లో, గోడల్లో ఎక్కడ చూసినా ఉంది.

తాపీలెక్క:
పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, చేసే పని మాత్రం వేరు. రోమన్ల వరసలో ఇటుకలన్నీ ఏటవాలుగా, ఒక వరస కుడికి, ఒక వరస ఎడమకు వాలుతాయి. నేల గట్టిదనం కోసం చేసిన పని అది.

ఇక్కడ జరిగేది వేరు. గుమ్మటం పైకి పోయేకొద్దీ ఇటుక కూర్చునే తలం లోపలికి వాలుతుంది. కొన దగ్గరికి చేరేసరికి ఆ వాలు దాదాపు 60 డిగ్రీలు. సున్నం గార నెమ్మదిగా బిగుస్తుంది, అది బిగిసేలోపే ఇటుక జారి కింద పడుతుంది. అందుకని వరసలో కొన్ని ఇటుకలు పడుకోబెట్టి, ఒకటి నిలబెడతారు. నిలబెట్టిన ఇటుక పై వరసల్లోకి చొచ్చుకుపోతుంది. తర్వాతి వరసలో నిలువు ఇటుకను ఒక ఇటుక పక్కకు జరుపుతారు. ఇలా జరిపి జరిపి ఆ నిలువులు గుమ్మటం చుట్టూ మెలికగా ఎక్కుతాయి. రెండు నిలువుల మధ్య పడుకున్న ఇటుకలు చీల కొట్టినట్టు ఇరుక్కుంటాయి. కింది భాగం అప్పటికే బిగిసి ఉంటుంది కాబట్టి నిలువులు కదలవు, వాటి మధ్యవి జారవు. మొత్తం వరస చుట్టూ పూర్తయ్యాక ఇక భయం లేదు, వలయం తనను తాను పట్టుకుంటుంది.

ఇక్కడొక చిక్కు ఉంది, చాలామంది దాటేస్తారు. వలయం గుండ్రంగా ఉంటే తనను తాను పట్టుకుంటుంది. అష్టభుజిలో ముఖం మధ్యభాగం తిన్నగా ఉంటుంది, అక్కడ కమాను చర్య లేదు, లోపలికి కూలుతుంది. మరి ఎలా నిలిచింది? లెక్క వేయండి. ఎదురెదురు ముఖాల మధ్య లోపలి కొలత 72 బ్రాచ్చాలు, సుమారు 42 మీటర్లు. అంటే కేంద్రం నుంచి ముఖం మధ్యకు 21 మీటర్లు, మూలకు 22.7. లోపలి పొర మందం 2.19. కాబట్టి ముఖం మధ్యలో పొర బయటి అంచు 23.19 దగ్గర ఉంది. 22.7, 23.19 మధ్య దాదాపు అర మీటరు మందంతో ఒక పూర్తి గుండ్రటి వలయం ఆ అష్టభుజి గోడలోపలే దాగి ఉంటుంది! పొర అర మీటరు పలచనైతే ఆ వలయం తెగిపోయేది. బయటి పొర అంత మందం లేదు కాబట్టి దానికి మూల రిబ్బుల నుంచి అడ్డ కమానులు వేసి ఆసరా ఇచ్చారు. ఈ కిటుకు పాంథియన్‌లో దొరికేది కాదు. అది మొదటి నుంచీ గుండ్రమే.

పాతలాటిన్:
ఈ లెక్క నాకు నచ్చింది. కానీ గోడలో గుండ్రటి వలయం దాగి ఉండాలి అన్న ఆలోచన ఎక్కడిది? గుండ్రటి గుమ్మటం పైన కన్ను తెరిచి ఉంచినా నిలుస్తుందని, ప్రతి వలయం స్వతంత్రంగా నిలబడగలదని కళ్లారా చూపేది పాంథియనే. దాని పైరంధ్రం దాదాపు 9 మీటర్లు, అప్పటికే పన్నెండు వందల ఏళ్లకు పైగా కూలకుండా ఉంది. ఆ పాఠం చూడగానే అర్థమయ్యేది, తవ్వకాలు కూడా అక్కర్లేదు.

తాపీలెక్క:
ఆ పాఠం కోసం రోమ్‌దాకా పోనక్కర్లేదు. చర్చి తలుపు ఎదురుగానే ఉంది. ఫ్లారెన్స్ బాప్టిస్ట్రీ అష్టభుజి, కొనదేలిన గుమ్మటం, వెడల్పు సుమారు 25 మీటర్లు, నెత్తిన లాంతరు మంటపం. పదకొండు, పన్నెండు శతాబ్దాల పని. బ్రూనెలెస్కి పుట్టి పెరిగిన ఊళ్లోనిది.

దృష్టిరేఖ:
బాప్టిస్ట్రీ పేరు వచ్చింది కాబట్టి నేను కలగజేసుకుంటాను. అది అంగారక దేవుడి రోమన్ గుడి అని ఆనాటి ఫ్లారెన్స్ జనం గట్టిగా నమ్మేవాళ్లు. అంటే బ్రూనెలెస్కి మధ్యయుగపు కట్టడాన్ని చూసి నేర్చుకుంటూ రోమ్ నుంచి నేర్చుకుంటున్నానని అనుకుని ఉండొచ్చు. 1419లో మొదలైన అనాథాశ్రమం వసారా చూడండి. సన్నటి స్తంభాలు, గుండ్రటి కమానులు, అంతా రోమన్ అంటారు. స్తంభాల మీద నేరుగా కమానులు కూర్చోబెట్టడం బాప్టిస్ట్రీ తరం తస్కనీ చర్చిల పద్ధతి, కమానులను పట్టి ఉంచే ఇనప కడ్డీలు మధ్యయుగపు అలవాటు.

ఇంకో ఉదాహరణ దృక్కోణ చిత్రణ, అంటే చదును పలక మీద దూరం, లోతు కనిపించేలా గీయడం. బ్రూనెలెస్కి అదే బాప్టిస్ట్రీని అర బ్రాచ్చా పలక మీద చిత్రించాడు. పలకలో కన్నం పెట్టాడు, బొమ్మ వైపు కాయధాన్యపు గింజంత, వెనక వైపు నాణెమంత. చూసేవాడు వెనక నుంచి కన్నంలో కన్ను పెట్టి, ఎదురుగా పట్టుకున్న అద్దంలో బొమ్మ చూడాలి. ఆకాశం చోట మెరుగుపెట్టిన వెండి, అందులో నిజం మబ్బులు కదిలేవి. కన్నం ఎందుకంటే ఈ పద్ధతిలో గీతలు ఒకే ఒక్క బిందువు నుంచి చూస్తేనే కలుస్తాయి. కన్ను నాలుగు వేళ్లు పక్కకు జరిగితే మోసం బయటపడుతుంది. ఆ పలక ఇప్పుడు లేదు, మనెట్టి వర్ణనే ఆధారం. దీనికి కావలసిన దృష్టిశాస్త్రం యూక్లిడ్‌తో మొదలైనా, ఫ్లారెన్స్‌కు చేరింది ఇబ్న్ అల్ హైతమ్ అరబ్బీ గ్రంథం లాటిన్ అనువాదం మీదుగా. ఫ్లారెన్స్ శిల్పి గిబెర్టీ తన వ్యాఖ్యానాల్లో ఆ గ్రంథాన్ని విరివిగా వాడుకున్నాడు. దీన్ని ప్రాచీన విద్య తిరిగి లేవడం అనాలంటే మధ్యలో మోసుకొచ్చినవాళ్ల పేర్లు కూడా చెప్పాలి.

తాపీలెక్క:
యంత్రాల సంగతీ అంతే. విట్రూవియస్ పదో పుస్తకంలో బరువులెత్తే కప్పీలు, చక్రాలు ఉన్నమాట నిజం. కానీ బ్రూనెలెస్కి ఎద్దుల యంత్రం ప్రత్యేకత వేరు. నిలువు ఇరుసు మీద పైన ఒకటి, కింద ఒకటి పళ్ల చక్రాలు. మరను తిప్పి ఇరుసును ఎత్తితే ఒకటి, దించితే ఇంకొకటి పక్క చక్రానికి తగులుతుంది. ఎద్దులు ఒకే వైపు తిరుగుతుంటాయి, తాడు మాత్రం ఎక్కుతుంది లేదా దిగుతుంది. ఎద్దులను విప్పి తిప్పి కట్టే పని తప్పింది. రోజంతా ఇటుక ఎత్తే చోట అదెంత సమయమో ఆలోచించండి. అతను కంసాలి పని నేర్చినవాడు, గడియారాలు చేశాడని మనెట్టే రాశాడు. పళ్ల చక్రాల జ్ఞానం అక్కడిది.

చివరిగా, పాతలాటిన్ గారు నమ్మే మనిషి మాటే చెబుతాను. ఆ కాలపు లాటిన్ పండితుల్లో ఆల్బెర్టీని మించినవాళ్లు తక్కువ. 1436లో చిత్రకళ మీద తన గ్రంథాన్ని బ్రూనెలెస్కికి అంకితమిస్తూ, తస్కనీ జనమంతటినీ నీడతో కప్పే ఈ కట్టడాన్ని సెంట్రింగ్ లేకుండా, కలప రాశులు లేకుండా లేపారని, ప్రాచీనులకు ఇది తెలియదేమోనని అతనే రాశాడు.

పాతలాటిన్:
ఆల్బెర్టీ మాటను నేను రెండో వైపు నుంచి చదువుతాను. ఒక మేస్త్రి పనిని మెచ్చుకోవడానికి ప్రాచీనులతో పోల్చడం ఎందుకు? ఎనభై ఏళ్ల ముందైతే పీసాతోనో సియెనాతోనో పోల్చేవాళ్లు. కొలబద్ద మారింది, దాన్ని మార్చింది పాత గ్రంథాలు తిరగేసినవాళ్లు. ఇటుక పేర్చే తీరు మేస్త్రీలదేనని మీ లెక్క చూశాక ఒప్పుకుంటున్నాను. ఎవరితో పోటీ పడాలన్నది మాత్రం రోమ్ నుంచే వచ్చింది, దాన్ని వదలను.

తాపీలెక్క:
అయితే లాంతరు మంటపం చూడండి, ఇద్దరం అక్కడ కలవచ్చు. 1446లో, బ్రూనెలెస్కి పోయిన ఏడాదే మొదలై 1461లో పూర్తయింది. 1471లో శిల్పి వెరోక్కియో పూతబంగారు రాగి గోళం ఎక్కించాడు. అది అలంకారం కోసమే అనుకుంటారు గానీ కొనదేలిన గుమ్మటానికి నెత్తిన బరువు అవసరం. బరువు లేకపోతే పక్కల భారానికి కొన పైకి తోసుకుని విచ్చుకుంటుంది. 24 రిబ్బులు వచ్చి ఆనే పైవలయాన్ని ఆ పాలరాతి బరువే బిగించి పట్టింది. మంటపం చుట్టూ ఉన్న ఎనిమిది ఆనుగోడలు ఆకారంలో గోతిక్ ఎగిరే ఆనుగోడలే. వాటి మీద వంపు తిరిగిన రాతి చుట్టలు, గూళ్లలో ఆల్చిప్పల ఆకారాలు, కోరింథియన్ స్తంభాలు మాత్రం రోమన్‌వి.