డ్రైనేజీకి ఇంటికో 5,000 డిపాజిట్: వరంగల్ జనం కట్టాలా, వద్దా?

హన్మకొండ నివాసి:
మన నగరం మొత్తానికి భూగర్భ డ్రైనేజీ వేయడానికి రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో 4,170 కోట్లకు అనుమతి ఇచ్చింది. సంతోషమే. కానీ జీవో రావడం వేరు, బిల్లులకు డబ్బు రావడం వేరు. అందుకే నేనంటాను, స్థోమత ఉన్న ప్రతి ఇల్లూ కొంత డిపాజిట్ కట్టాలి. మన డబ్బు కూడా పడితేనే పైపు ముందు ఏ డివిజన్‌లో వేయాలో, మురుగు శుద్ధి ప్లాంటు ఎక్కడ కట్టాలో అడిగే హక్కు గట్టిగా ఉంటుంది. చెన్నై పక్కన ఆలందూరులో 1990ల చివర్లో ఇంటికి 5,000 చొప్పున కట్టించుకుని పని మొదలుపెట్టారు. అప్పుడది చిన్న మున్సిపాలిటీ. వాళ్లు చేసింది మనం చేయలేమా?

కాశిబుగ్గ:
నేను ఒప్పుకోను అన్నా. ఇంటి పన్ను కడుతున్నాం, నల్లా బిల్లు కడుతున్నాం. మళ్లీ డిపాజిట్ ఏంది? లెక్క కూడా చూడండి. 2 లక్షల ఇళ్లు 5,000 చొప్పున కడితే వచ్చేది 100 కోట్లు. 4,170 కోట్లలో అది నలభయ్యో వంతు కూడా కాదు. ఆలందూరులో మొత్తం ఖర్చే పదుల కోట్లు, అందుకే అక్కడ జనం డబ్బుకు విలువ ఉంది. ఇక్కడ ఆ కాస్త డబ్బు కోసం రేకుల ఇంట్లో ఉండే హమాలీని 5,000 అడుగుతారా? వానాకాలం బొందివాగు పొంగితే మునిగేది ముందు వాళ్ల ఇళ్లే.

హక్కు మాటకొస్తే, డబ్బు కడితేనే అడగాలా? 74వ రాజ్యాంగ సవరణ నీళ్లు, పారిశుధ్యం మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనుల జాబితాలో పెట్టింది. ఓటు వేసినోడికి అడిగే హక్కు ఉన్నట్టే.

వడ్డేపల్లి:
ఒక్క మాట. మా కాలనీలో అందరివీ సెప్టిక్ ట్యాంకులే. కొన్నిటి నీళ్లు నేరుగా మోరీలోకి వదిలారు, ఆ మోరీ పోయేది చెరువు వైపే. మా బోరు నీళ్లు వాసన వచ్చి తాగడం మానేసి నాలుగేళ్లయింది. సెప్టిక్ ట్యాంకుల మలవ్యర్థాలను ఎలా తీయాలో, ఎక్కడ పోయాలో 2016లోనే మన నగరం నిబంధనలు పెట్టుకుంది, అది మంచి పనే. కానీ ట్యాంకర్ వచ్చేది ట్యాంకు నిండినప్పుడు, మోరీలో నీళ్లు పారేది రోజూ. 5,000 కడితే ఇది ఆగుతుందంటే నేను రేపే కడతాను. ఆగుతుందని రాసిచ్చేది ఎవరు?

కాజీపేట, రిటైర్డ్ ఇంజినీర్:
మీరంతా కట్టే ఖర్చు గురించే మాట్లాడుతున్నారు. నాకు నడిపే ఖర్చు గురించి టెన్షన్.

డ్రైనేజీ ఉన్న ఊళ్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలని లెక్క. అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుంది, అంటే 108 లీటర్లు. 10 లక్షల మంది అనుకుంటే రోజుకు 10.8 కోట్ల లీటర్లు. పల్లంలో ఉన్న చోట్ల నుంచి దాన్ని పంపులతో ఎత్తిపోయాలి, శుద్ధి చేయాలి. కరెంటు, మోటార్ల రిపేరు, మ్యాన్‌హోల్‌లు తీసే యంత్రాలు, మనుషుల జీతాలు, ఇవన్నీ నెల నెలా ఖర్చులే.

నగరాల నీళ్లు, మురుగు పనులకు కేంద్రం పెట్టిన అమృత్ 2.0 పథకంలో లక్ష నుంచి 10 లక్షల జనాభా ఉన్న నగరాలకు కేంద్రం వాటా మూడో వంతు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి మనలాంటి నగరాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని నీళ్లకు, పారిశుధ్యానికే వాడాలని షరతు పెట్టింది. ఇలాంటివన్నీ ఉపయోగపడతాయి. కానీ పదేళ్ల తర్వాత పంపుహౌస్ కరెంటు బిల్లు ఏ పథకమూ కట్టదు. అది బల్దియా, అంటే నగర కార్పొరేషన్, సొంత ఆదాయంలోంచే పోవాలి. కాబట్టి డిపాజిట్ కంటే నల్లా బిల్లుతో పాటు ఒక చిన్న నెలవారీ ఛార్జీ పెట్టడం మేలు. మీటరు ఉన్నవాళ్లకు వాడకాన్ని బట్టి, పేదలకు నామమాత్రంగా.

ఇంకోటి ఎవరూ చెప్పరు. రోడ్డు కింద పెద్ద పైపు వేస్తే పని అయిపోదు. ఇంటి నుంచి ఆ పైపుకు కలిపే ముక్క ఎవరు వేస్తారు? అది ఇంటివాళ్లకే వదిలేస్తే సగం మంది కలపరు, మురుగు మళ్లీ మోరీలోకే పోతుంది.

హన్మకొండ నివాసి:
సార్, మీ లెక్క చూశాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. కాశిబుగ్గ తమ్ముడు చెప్పినట్టు 100 కోట్లతో ఈ ప్రాజెక్టు కట్టలేం. కానీ మీరన్న ఆ ముక్క ఉంది చూడండి, పేదల ఇళ్లకు అది ఉచితంగా వేయడానికి ఆ డబ్బు పనికొస్తుంది. పక్కా ఇళ్లవాళ్లం కడదాం, రేకుల ఇళ్లను వదిలేద్దాం. దాన్ని వేరే ఖాతాలో పెట్టి, మూడు నెలలకోసారి డివిజన్‌లో లెక్క చూపించాలి.

నిర్ణయం దగ్గర మాత్రం నేను వెనక్కి తగ్గను. మా గల్లీలో సీసీ రోడ్డు వేసిన ఎనిమిది నెలలకే పైపు కోసం తవ్వారు. మా అమ్మ ఆ గుంతలో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. రోడ్డు వేసినవాళ్లకు పైపు సంగతి తెలియదు, పైపు వేసినవాళ్లకు రోడ్డు సంగతి పట్టదు. స్మార్ట్ సిటీ పనులకేమో వేరే కంపెనీ పెట్టారు. అందులో రాష్ట్రానికి, నగరానికి సగం సగం వాటా, నిర్ణయాలు బోర్డులో జరుగుతాయి. మనం ఓటేసిన కార్పొరేటర్‌ను అడిగితే ఆయన చేతుల్లో లేదంటాడు. డ్రైనేజీ కూడా అలాగే జరిగితే 4,170 కోట్ల పని మీద మనకు మాటే ఉండదు.

2019 మున్సిపల్ చట్టంలో ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉన్నాయి: యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు. వాటి ముందు పైపుల మ్యాప్ పెట్టి, అభ్యంతరాలు తీసుకున్నాకే టెండర్ పిలవాలి.

కాశిబుగ్గ:
పేదోళ్లను వదిలేస్తామంటే డిపాజిట్ మీద ఇక కొట్లాడను. కానీ ముందు మ్యాప్, తర్వాతే పైసలు. వచ్చే ఆదివారం మా కాలనీలో పదిమందిమి కూర్చుంటున్నాం. మా డివిజన్ డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి నివేదిక) కాపీ కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు రాస్తాం. ఇంజినీర్ సార్, ఏమేం అడగాలో ఒకసారి రాసి పెట్టగలరా?

కాజీపేట, రిటైర్డ్ ఇంజినీర్:
పైపుల లెవల్స్, పంపుహౌస్‌ల స్థలాలు, నడిపే ఖర్చు అంచనా, ఇంటి కనెక్షన్ ఎవరి బాధ్యత. ఈ నాలుగూ అడగండి. మిగతావి నేను ఆదివారం వచ్చి చెబుతాను.