క్రాస్‌లింకింగ్ అయ్యాక కార్నియా వంపు పెరిగింది, ఎందుకు?

ప్రశ్న (మిర్యాలగూడ):
డిగ్రీ చదువుతున్న మా తమ్ముడికి కెరటోకోనస్, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర (కార్నియా) పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు. ఎడమ కంటికి కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చికిత్స చేయించి నెల దాటింది. నిన్నటి స్కానులో కార్నియా వంపు 54 నుంచి 55 డయాప్టర్లకు (వంపును కొలిచే యూనిట్) పెరిగింది, మందం తగ్గింది. అంతా పొగమంచులోంచి చూసినట్లు ఉందంటున్నాడు. బెంగతో అన్నం కూడా సరిగా తినడం లేదు. చికిత్స వికటించిందా?

జవాబు (నల్గొండ, ఆప్టోమెట్రిస్ట్):
అమ్మా, మొదటి నెల స్కాను చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. అప్పుడు వంపు కాస్త పెరగడం, మందం తగ్గడం మామూలే. క్రాస్‌లింకింగ్‌లో కార్నియా పై పొర తీసి, రైబోఫ్లావిన్ (విటమిన్ బి2) చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తారు. దాంతో కార్నియాలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి కార్నియా గట్టిపడుతుంది. అయితే ఆ కాంతికే పైనుంచి దాదాపు 300 మైక్రాన్ల లోతు వరకు కణాలు చనిపోతాయి. పక్కనుంచి కొత్త కణాలు వచ్చి నిండడానికి ఆరు నెలల దాకా పట్టవచ్చు. మసకకు ముఖ్య కారణం ఈ మార్పులే. తొలి మూడు నెలలు ఎక్కువగా ఉండి, ఏడాదిలోగా చాలామందికి పలచబడుతుంది. వంపు కూడా ఆ తొలి నెలలు గడిచాకే మెల్లగా దిగుతుంది, చికిత్స అయిన ఏడాదికి ఒకటి రెండు డయాప్టర్లు తగ్గవచ్చు. తగ్గకపోయినా పెరగకుండా నిలిస్తే చికిత్స ఫలించినట్లే, దాని పని జబ్బును ఆపడం.

నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు ఉన్నట్టుండి పడిపోయినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్టెరాయిడ్ చుక్కలు డాక్టర్ చెప్పినన్నాళ్లే వేయండి. ఒక్క మాట అడుగుతాను, తమ్ముడు కళ్లు నులుముకుంటాడా?

జవాబు (జడ్చర్ల):
నాకూ మొదట్లో బస్సు బోర్డులు కనిపించేవి కావు. మసక తగ్గాక గట్టి కాంటాక్ట్ లెన్స్ ఇచ్చారు, ఇప్పుడు బండి నడుపుతున్నాను. కళ్లద్దాల నంబరు స్థిరపడే దాకా కొత్త అద్దాలకు డబ్బు పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
సార్, మా ఇల్లు రైస్ మిల్లుల పక్కనే. ఊక దుమ్ము లేస్తే నిద్రలో కూడా నులుముకుంటాడు.

జవాబు (నల్గొండ):
అది ముందు ఆపించాలి. నులిమితే కార్నియా మళ్లీ సాగే ప్రమాదం ఉంది. దురదకు అలర్జీ చుక్కలు రాయమని డాక్టర్‌ను అడగండి, రాత్రి కంటికి ప్లాస్టిక్ కవచం పెట్టవచ్చేమో కూడా కనుక్కోండి. ఈ జబ్బు సాధారణంగా రెండు కళ్లకూ వస్తుంది కాబట్టి, వచ్చేసారి కుడి కంటికీ స్కాను తీయించండి.